కాకి ముట్టని కార్జం

అడవి అంచున ఒక చెరువులో నీలాలు అనే నీటికుక్క ఉండేది. దాని ఒక్కగానొక్క పిల్ల బుడ్డోడికి ఒంట్లో బాగోలేదు. కళ్లు పచ్చబడ్డాయి, ఈతకు రావడం మానేశాడు. బలం వస్తుందని నీలాలు ఏ చేప పట్టినా కార్జం తీసి వాడి నోటికే పెట్టేది. వాడు ఇంకా నీరసించిపోయాడు.

ఓ పొద్దున బుడ్డోడు మొహం తిప్పేసుకున్నాడు.

"పోనీ నువ్వైనా తిను బావా," అని నీలాలు ఆ కార్జం ముక్కను గట్టుమీద వాలిన కాకికి విసిరింది. కుళ్లిన ఎలుకను కూడా వదలని కాకి వెనక్కి గెంతింది.

"నాకొద్దమ్మా! ఒకప్పుడు పక్కనున్న ఫ్యాక్టరీవాళ్లు వదిలిన విషపు మందు ఇంకా ఈ చెరువులోనే ఉంది."

"ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్లయింది? నీళ్లు అద్దంలా ఉన్నాయిగా!"

"ఆ మందు కుళ్లదు, వానకు పోదు. బురదలోంచి చేపలోకి వెళ్లి, దాని కార్జంలో కూర్చుంటుంది. తిన్నవాళ్ల కార్జాన్నీ పాడుచేస్తుంది. నా పిల్లలు పోయాక గానీ నాకూ తెలియలేదు."

నీలాలు 'నా చేత్తో నేనే పెట్టాను' అనుకుంది. వెంటనే పిల్లను నోట కరుచుకుని, కొండ అవతలి వాగుకు వెళ్లిపోయింది.

అక్కడ ఒక వానాకాలం గడిచేసరికి బుడ్డోడి కళ్లు తేటపడ్డాయి. ఒకరోజు లకుముకిపిట్ట అరుచుకుంటూ వచ్చింది.

"నీ కొడుకు ఒట్టి దొంగ! నా నోటిదగ్గరి చేప లాక్కుని పారిపోయాడు. తరిమితే అందడే!"

నీలాలు కళ్లు తుడుచుకుంది.

"అందలేదా వదినా? అంత జోరుగా ఈదాడా? ఏదీ, ఇంకోసారి చెప్పు!"