తుప్పు పలక

"చిన్నోడు ఊపిరి తీసుకుంటున్నాడా?" ఫోన్‌లో అమ్మ అడిగింది.

"తీసుకుంటున్నాడమ్మా."

"నీళ్లు మరీ చల్లగా లేవు కదా?"

"లేవు. దీపం వేసే ఉంచాను."

ల్యాబ్‌లో కూతురు ఫోన్ పెట్టేసి గాజు తొట్టి వైపు తిరిగింది. నీళ్లలో గోరంత ఎర్రటి పలక. తుప్పును యాసిడ్‌లో కరిగించి, గాజు మీద వెంట్రుక కన్నా సన్నటి కడ్డీలుగా మొలిపించి, కొలిమిలో కాల్చి చేసిందే. ఎండలాంటి వెలుగు పడితే నీటిని విడగొడుతుంది. ఎదురుగా ఉన్న తీగ మీద హైడ్రోజన్, పలక మీద ఆక్సిజన్ బుడగలై లేస్తాయి. లోకానికి కావలసింది హైడ్రోజనే. ఆమె కళ్లు మాత్రం ఎప్పుడూ పలకనే అంటిపెట్టుకుని ఉండేవి. కరెంటు పోయి ఆ దీపం ఆరిందంటే, ఇంట్లో ఉన్నా ఆమెకి ఊపిరి సలపదు.

"మీ అమ్మగారి వరస చూస్తే చిన్నోడికి ఉగ్గు కూడా పెట్టేలా ఉన్నారు," అంటూ ల్యాబ్ పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. పలకకి కూతురు ముద్దుగా పెట్టిన ఆ పేరు ల్యాబంతా పాకింది.

ఆయన చేతిలో గాజు కోసే కత్తి ఉంది.

"బయట కొన్న రసాయనంతో చేసిన పలకలన్నీ చచ్చూరుకున్నాయి. ఇదొక్కటే ఎందుకు పనిచేస్తోందో కోసి చూడాలమ్మా. కారణం చెప్పలేకపోతే మన ల్యాబ్ మూసేస్తారు."

"కోస్తే మళ్లీ పనిచెయ్యదు సార్."

"ఇంకోటి చేద్దువుగాని."

"ఆ తుప్పు అయిపోయింది."

"ఎక్కడిదది?"

"మా ఇంట్లో పాత సైకిల్‌ది."

"ఓస్, అంతేనా. తుప్పు సైకిళ్లకేం కరువు?" అంటూ ఆయన దీపం స్విచ్ ఆపేశాడు.

బుడగలు పలచబడ్డాయి. ఆఖరిది అంచునే వేలాడుతూ ఉండిపోయింది. ఆమె ఆయన చేతిని పక్కకు నెట్టి దీపం మళ్లీ వేసింది.

"ఆర్పకండి సార్. చీకట్లో వాడికి భయం."

పెద్దాయన తెల్లబోయాడు. మెల్లగా కత్తి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే, కొయ్యనులే. ఆ తుప్పులో ఏదో ఉంది, అదైనా చెప్పు. సైకిల్ వానలో వదిలేశారా?"

"లేదు సార్. కాలవలో ఉండిపోయింది."

"మరి మీకెలా దొరికింది?"

ఆమె బుడగల వంకే చూస్తూ చెప్పింది.

"మా తమ్ముడితో పాటే పైకి తీశారు."