కదలని బండి

జామతోటలో బండ్ల పందెం పెట్టారు. ఎవరి బండి ఎక్కువ కాయలు గీత దాటిస్తే ఈ ఏటి కాపంతా వాళ్లదే. ఎదుటి బండిని అడ్డుకోవచ్చు, నెట్టొచ్చు కూడా.

ఉడుత చారలయ్య తన బండికి నున్నటి కుంకుడుకాయలు చక్రాలుగా బిగించాడు. ముందుకీ వెనక్కీ పక్కలకీ, ఎటంటే అటు జారిపోతోందది.

"తాటిబుర్రలు వెయ్యరా నాయనా, నేలను పట్టుకుంటాయి," అంది అతని జట్టులో ఉన్న తాబేలత్త.

"అప్పుడది నీలా నడుస్తుందత్తా!" అని నవ్వాడు చారలయ్య. అత్త కూడా నవ్వేసి ఊరుకుంది.

పందెంలో చారలయ్య గిరగిరా తిరుగుతూ కాయలు చేరవేశాడు. ఎదుటి జట్టు కుందేళ్లకన్నా రెండు కాయలు ముందున్నాడు కూడా. అది చూసి కుందేళ్లు తమ బండితో ఒక్క తోపు తోశాయి. కుంకుడుకాయల బండి సర్రున జారి బురదగుంటలో పడింది. చారలయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

అత్త తన వెనక దాచి ఉంచిన తాటిబుర్రలు దొర్లించుకొచ్చింది.

"ఇవి బిగించు. ఇంకా రెండు కాయలు ముందే ఉన్నాం, ఇక కాయల జోలికి పోకు. గీతకు వెళ్లే సందులో అడ్డంగా నిలబడు, చాలు."

నిలబడటమా! చారలయ్య తోక వణికింది. అయినా బండిని గుంటలోంచి లాగి, తాటిబుర్రలు బిగించి, సందులో నిలబడ్డాడు. కుందేళ్లు తోశాయి, తిట్టాయి, మళ్లీ తోశాయి. బండి బెత్తెడైనా కదల్లేదు. పొద్దు వాలింది, పందెం ముగిసింది.

"గెలిచాం అత్తా!"

"గెలుపు సంగతి సరే. నువ్వు పుట్టాక ఒకచోట కుదురుగా ఉండటం నేను ఇదే చూడటంరా," అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

వినడానికి చారలయ్య అక్కడ లేడు. అప్పటికే జామచెట్టు చిటారుకొమ్మన ఉన్నాడు.