ఒక్క కంప్లయింటూ లేదు

రవిబాబు పట్టుకున్న తాడు వదిలేశాడు.

చోళ్ల గింజల బస్తా గాల్లో ఊగింది. దాన్ని మోస్తున్న మడత కత్తి మాత్రం మూసుకోలేదు.

"యాభై కేజీలు! లాక్ కదిలిందేటి?"

"లేదు!" అంది పెదబయలు సంత.

కత్తుల కంపెనీ తన ఏజెంట్లకు నేర్పిన టెస్టు అది. పిడిని కొయ్యకు బిగించి, బ్లేడు మొండి వైపు తాడు వేసి బస్తా వేలాడదీయాలి. చూసినవాళ్లు కొనకుండా పోరు.

అసలు వాళ్లు కొనేది రవిబాబు ముఖం చూసి. ఈ కొండల్లో పుట్టినవాడు. ఒక్క కత్తి మోసం చేసినా, ఆ ముఖం మరి ఏ గుమ్మంలోనూ చూపలేడు.

జనం పల్చబడ్డాక ఓ ముసలాయన దగ్గరకొచ్చాడు. పేరు సోంబరు. సంత దిగువన పారే గెడ్డను దాటే చోట కొలిమి పెట్టుకున్న కమ్మరి. ఒడిశా వైపు నుంచి వచ్చాడంటారు. నా అన్నవాళ్లు లేరు.

చుట్టూ చూసి, చెవిలో చెప్పాడు.

"బరువు మోస్తాది బావూ. పచ్చి ఎదురుబొంగులో దించి మెలిపెట్టి సూడు. లోపలి లాకు రేకు పలచన. పక్కకి జారిపోతాది."

వారం వారం ఇదే మాట. రవిబాబుకు ఒళ్లు మండింది.

"నీ కత్తులు అమ్ముడవ్వట్లేదని కడుపుమంటేటి తాతా?"

"నాకెందుకు బావూ మంట? కొలిమిలో ఉన్నది సాలదా?"

"ఏడాదిలో ఆరు వందలు అమ్మీసినాను. ఒక్క కంప్లయింటు వచ్చిందా? ఒక్కటి సెప్పు!"

సోంబరు ఏదో చెప్పబోయాడు. మనసు మార్చుకున్నాడు.

"లేదు బావూ. ఒక్కటీ లేదు."

"మరింకేటి? ఈ సుట్టుపక్కల మళ్లీ కనిపించావంటే బాగోదు!"

సోంబరు తల ఊపి, గెడ్డ వైపు దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ వారమే విశాఖ నుంచి మేనేజరు ఫోన్ చేశాడు.

"మిగతా ఏజెంట్లు నా తల తింటున్నారయ్యా. నీ ఏరియా నుంచి ఒక్క కత్తీ వెనక్కి రాలేదు. కొత్త పోస్టరు మీద నీ సంత పేరే వేయిస్తున్నాం."

రవిబాబు ఛాతీ పొంగింది.

వానల్లో సోంబరు జ్వరంతో పోయాడని ఎవరో చెప్పారు. ఇక చెవిలో ఆ గొణుగుడు ఉండదు అనుకున్నాడు రవిబాబు, బస్తా మూతి కడుతూ.

నెల తిరగలేదు. చెల్లెలు కనకను ఆసుపత్రికి తెచ్చారని కబురొచ్చింది. పరుగెత్తాడు.

కుడిచేతికి కట్టు. రెండు వేళ్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"బుట్టకి ఎదురు సీలస్తున్నానన్నా. కత్తి ఇరుక్కుపోతే మెలిపెట్టి లాగినాను. సేతిమీదే మూసీసుకుంది."

"ఏ కత్తి?"

కనక ముఖం తిప్పుకుంది.

"మొన్న నువ్వు తెచ్చిచ్చిందే."

రవిబాబు మంచం పక్కనున్న ఆ కత్తి తీసుకుని బయటకొచ్చాడు.

బయట కనక మొగుడు ధర్మ తన మొలలోంచి ఇంకో కత్తి తీశాడు.

"ఇదీ నీకాడ కొన్నదే బావా. ఏడాదై ఎదుర్లు సీలస్తన్నాను. దీనికెప్పుడూ ఇలా అవలేదు."

రవిబాబు రెండు కత్తులూ విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. ధర్మ కత్తిలో లాక్ రేకుకు దన్నుగా ఓ ఇనప ముక్క ఉంది. దాన్ని పట్టి ఉంచుతూ ఓ రివిట్ ఉంది. కంపెనీ కొట్టే రివిట్లు మూడు. ఇది నాలుగోది.

"ఎవరు కొట్టారిది?"

ధర్మ విచిత్రంగా చూశాడు.

"అదేటి బావా! అందరి కత్తులకీ ఉన్నాదే. ఆ ముసలాయన పోయాక, ఇప్పుడొచ్చేవాటికి కంపెనీలోనే కొట్టించేస్తన్నావనుకున్నాం."

"ఏ ముసలాయన?"

"సోంబరు తాత. కత్తి కొని గెడ్డ దాటే ప్రతోడినీ ఆపి, 'రవిబాబు కొట్టమన్నాడు, కూలి కూడా ఆయనే ఇచ్చీసినాడు' అని రివిట్ కొట్టి మరీ పంపీవోడు... నువ్వు పెట్టిన మనిషే గదా బావా?"