మిగిలిన పువ్వు

భర్త పోయాక అతని కుర్చీలో కూర్చోలేకపోయింది కోమలి. అందుకే బార్డోలీలో డ్యూటీ అయ్యాక, సూరత్ బస్సు వచ్చేదాకా, ఇంట్లోని లినక్స్ కంప్యూటర్ తెరను ఫోన్‌లోకి తెచ్చుకుని, అతను సగంలో వదిలిన చీర డిజైన్‌ను వేలితో గీస్తోంది. ఇక ఒక్క పువ్వే మిగిలింది.

అత్త ఫోన్ చేసింది. "కోమలీ, నా కొడుకొచ్చిండే! కంప్యూటర్ల బాణం దానంతటదే తిరుగుతాంది. పూలు గీస్తాండు!"

"అత్తమ్మా, అది..."

"నిన్న గూడ వచ్చిండు. కుర్చీ కాడ ఛాయ్ పెట్టిన." అత్త గొంతు తగ్గించింది. "నువ్వింట్ల ఉంటే వస్తలేడు బిడ్డా. జర ఆలస్యంగ రారాదే."

సూరత్ బస్సు వచ్చి ఆగింది. కోమలి ఎక్కలేదు. మిగిలిన ఆ ఒక్క పువ్వునూ గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది.