గుడ్ల పెట్టెలో చెయ్యి

"ఇవాళ్టితో ఈ పీడ వదిలిపోవాలి బావగారూ. ఒక్క కోడిని కూడా మిగల్చకుండా పట్టుకుపోండి," అంది ఒపల్. ఆమె గుప్పిట నిండా ఎర్రటి ఈకలు.

రాత్రి కోళ్ల గూటి మీద మళ్లీ రకూన్ అనే అడవి జంతువు పడింది. వారంలో ఇది మూడో కోడి. కళ్ల చుట్టూ నల్లటి పట్టీ, చారల తోక, మనిషి వేళ్లలాంటి వేళ్లూ ఉన్న ఆ దొంగకి గడియ తీయడం ఎంతసేపు! ఒపల్ గడియ మార్చింది. ఇనుప తీగ చుట్టింది. తలుపుకి బండరాయి అడ్డం పెట్టింది. తెల్లారి చూస్తే తీగ విప్పి ఉంది, రాయి పక్కకి దొర్లి ఉంది.

ఆమె భర్తకి అన్నయిన వెర్లిన్ ట్రక్కులోంచి చెక్కపెట్టెలు దింపాడు. "కొండ అవతల మా ఇంట్లో కుక్కలున్నాయి. వీటికి ఢోకా లేదులే. మరి తమ్ముడు సరేనన్నాడా?"

ఆ తమ్ముడు, ఒపల్ భర్త హోమర్, కోళ్ల దొడ్డి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఆ రోజు పడిపోయిన మాట మళ్లీ లేవలేదు.

"సరేననడానికైనా కాదనడానికైనా నోరు తెరవాలి కదా! మాటలు నేర్పడానికి ఆ రోండా వస్తే గోడవైపు తిరుగుతాడు. నేను పలకరిస్తే తల దించుకుంటాడు. పొద్దస్తమానం ఇక్కడే, వీటికి గింజలు వేసుకుంటూ కూర్చుంటాడు. నేనిటు వస్తే చాలు, లోపలికి పొమ్మని చెయ్యి విసురుతాడు. నలభై ఏళ్లు కాపురం చేసింది నాతోనా, ఈ కోళ్లతోనా?"

హోమర్ చేతికర్ర ఎత్తి దొడ్డి తలుపుకి అడ్డం పెట్టాడు.

వెర్లిన్ తమ్ముడి పక్కన చతికిలబడ్డాడు. "ఒరేయ్, ఒక్కసారి ఆవిడ మొహం చూడరా. నీకు స్నానం చేయించాలి, తినిపించాలి. ఆపైన ఈ కోళ్లకి కాపలా కూడా కాయమంటే ఎక్కడ చస్తుంది?"

హోమర్ చాలాసేపు భార్య మొహంలోకి చూశాడు. కర్ర తీసేశాడు.

వెర్లిన్ తొమ్మిది కోళ్లనీ పట్టి పెట్టెల్లో వేసి ట్రక్కులోకి ఎక్కించాడు. "గుడ్లేమైనా ఉంటే తీసుకోండి," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఒపల్ గూటి వెనక్కి వెళ్లింది. రోజూ చేసేదే కనక చూడాల్సిన పని కూడా లేదు. గూటికి ఆనించి బిగించిన గుడ్ల పెట్టె మూత కాస్త ఎత్తి, గడ్డిలోకి చెయ్యి పోనిచ్చింది.

"ఒపల్!"

నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. ఖాళీగా ఉన్న గడ్డిని పళ్లు కరకరా కొరికాయి. కడుపునిండా తిని పెట్టెలోనే పడి నిద్రపోయిన రకూన్ బుసలు కొడుతూ గూటి చిన్న గుమ్మంలోంచి బయటికి ఉరికి, కంచె ఎక్కి అడవిలోకి దూరింది. కుర్చీ ఎత్తునుంచి ఆ గుమ్మంలోకి చూస్తే తోక కనబడుతుంది. నిలబడ్డవాళ్లకి కనబడదు.

"కరిచుంటేనా!" వెర్లిన్ మొహం పాలిపోయింది. "ఈ ఏడు వాటికి పిచ్చిరోగం కూడా ఉందంటున్నారు."

ఒపల్ వినడంలేదు. "బావగారూ, నన్ను పిలిచింది మీరేనా?"

"నేనెక్కడ పిలిచాను?"

ఇద్దరూ ఒకేసారి కుర్చీవైపు తిరిగారు. హోమర్ సగం లేచి, కర్ర మీద వణుకుతూ నిలబడి ఉన్నాడు. ఒపల్ పరుగెత్తుకెళ్లి అతన్ని పొదివి పట్టుకుంది.

"మళ్లీ అనవూ? ఒక్కసారి!"

అతని నుదుట చెమట పట్టింది. "ఒ... పల్."

ఆమె నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిపి చేసింది. వెర్లిన్ టోపీతో కళ్లు తుడుచుకున్నాడు. "దొంగవెధవ జంతువు! భయపెట్టి నోరు తెరిపించింది చూశారా!"

"దాన్నేమీ అనకండి. ఇంకో కోడిని తిన్నా సరే, దాని మేలు మర్చిపోను," అంది ఒపల్. "ముందు ఆ పెట్టెలు దింపండి. కోళ్లెక్కడికీ పోవు."

కోళ్లని దించి, గూటికి బిగించడానికి సన్నకన్నుల ఇనుపవల తెస్తానని వెర్లిన్ టౌనుకి వెళ్లాడు.

మధ్యాహ్నం రోండా వచ్చింది. హోమర్ గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ఆ ఒక్క పేరూ మూడుసార్లు అనిపించింది. తల అడ్డంగా ఊపింది.

"భయపడితే అరుపు వస్తుందేమో కానీ, ఇంత తేటగా పేరు రాదమ్మా. ఇలా రావాలంటే కొన్ని వేలసార్లు అని ఉండాలి. ఎవరు సాధన చేయించారు?"

"ఎవరున్నారు? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నా ముందు పెదవి కూడా కదపలేదు."

రోండా హోమర్ వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పొద్దు వాలే వేళకి ఒపల్ వంటింట్లో పొయ్యిమీద చిక్కుడుగింజలు కలుపుతోంది. మధ్యమధ్య వరండాలోకి తొంగిచూసి, కుర్చీలో కునికిపాట్లు పడుతున్న హోమర్ కాళ్లమీద దుప్పటి సర్దుతోంది. ఎనిమిది నెలల తర్వాత ఆమెకి కూనిరాగం వచ్చింది. బయట కోళ్లు పెరడంతా చెదిరిపోయి పురుగులు ఏరుకుంటున్నాయి.

ట్రక్కు ఆగింది. వెర్లిన్ వల చుట్ట భుజానికెత్తుకుని పెరట్లోకి వచ్చి, గొంతెత్తి కేక వేశాడు.

"ఒపల్!"

ఆమె గరిటె పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చేలోపే, పెరట్లో ఉన్న తొమ్మిది కోళ్లూ రెక్కలు టపటపలాడించుకుంటూ ఒకదాన్నొకటి తోసుకుని పరుగెత్తుకొచ్చి, రోజూ హోమర్ కుర్చీ దగ్గర మూగినట్టే, గింజల కోసం మెడలు చాచి వెర్లిన్ కాళ్ల చుట్టూ మూగాయి.