రెండో గుడ్డు

"రెండు గుడ్లు ఎవరికత్తా?" అంది వందన. అడగక్కర్లేదు. రోజూ చూస్తున్నదే.

"కేథరిన్‌కు" అంది రాహేలు తలెత్తకుండానే, గుడ్ల మీద ఉప్పు చల్లుతూ.

పళ్లెంలో సజ్జరొట్టె, మునగాకు కూర, పొట్టు ఒలిచిన రెండు నాటుకోడి గుడ్లు. అదంతా చిన్నకోడలికి. పెద్దకోడలు వందన పళ్లెంలో రొట్టె, వేరుశనగ పచ్చడి.

కోడళ్లిద్దరూ ఒకే నెలలో కన్నారు. వందనకు కొడుకు, కేథరిన్‌కు కూతురు. కాన్పయిన నెలకే జ్వరం పట్టి వందనకు పాలు ఎండిపోయాయి. పిల్లవాడికి డబ్బా పాలు అలవాటు చేసి, వాణ్ని ఇంట్లో అత్తకు వదిలి, మిరపకాయ కోతలకు పోతోంది. కేథరిన్ పాలిచ్చే తల్లి కాబట్టి ఆమెకు తిండి మీద తిండి. పైగా రాహేలుకు సొంత అన్న కూతురు. ఇక చెప్పేదేముంది అనుకుని వందన లోలోపల కుతకుతలాడేది.

బాలింత తిండి అంటే రాహేలుకు మహా పట్టింపు. "విక్టర్‌కు పాలిచ్చేటప్పుడు మాయమ్మ పథ్యమని నాకు ఎల్లిపాయ కారం మెతుకులే పెట్టింది. ఆకుకూర ముట్టనీలేదు. వానికి ముప్పై ఏళ్లకే షుగర్ వచ్చె. చిన్నోనికి పాలిచ్చేటప్పుడు అన్నీ తిన్నా. వాడు రాయి మాదిరి ఉన్నాడు" అని కనబడిన వాళ్లందరికీ చెప్పేది. తల్లి ఇప్పుడు తినేది బిడ్డకు పెద్దయ్యాక కూడా అక్కరకొస్తుందని అంగన్‌వాడీ టీచరు లక్ష్మీకుమారి కూడా అనేది, అంత గట్టిగా కాకపోయినా.

విక్టర్ వందన భర్త. అత్త ఆ మాట అన్నప్పుడల్లా వందనకు కొడుకు ముఖంలో భర్త ముఖం కనబడేది. కేథరిన్ కూతురు రాయిలా పెరుగుతుంది, తన కొడుకేమో వాళ్ల నాయనలా మాత్రలు మింగుతూ బతకాలి.

రాహేలు కుళాయి దగ్గరికి వెళ్లింది. కేథరిన్ ఇంకా స్నానం ముగించలేదు. వందన ఒక గుడ్డు తీసి కొంగులో దాచుకుని, పెరట్లోకి నడిచి, గోడ అవతల కాచుకుని ఉన్న వీధికుక్కకు విసిరింది. మూడు వారాలుగా ఇదే పని. మొదటిరోజు తనే తిన్నది. కానీ పాలే లేనిదాని తిండి కొడుక్కి ఎట్లా చేరుతుంది? నా బిడ్డకు లేని బలం దాని బిడ్డకూ వద్దు అనుకుంది. కుక్క మాత్రం నిగనిగలాడుతోంది.

కేథరిన్ వచ్చి పళ్లెంలో ఒక్క గుడ్డే చూసి, ఏమీ అనకుండా తినేసింది. ఆ నెమ్మదితనం చూస్తే వందనకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ రోజు పిల్లల తూకం ఉందని వందన కూలికి పోలేదు. పిల్లవాడు నతానియేలు పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపు. సీసా నోట్లో పెడితే నాలుకతో నెట్టేస్తున్నాడు. రాత్రుళ్లు సగం నిద్రలో నాలుగు గుక్కలు తాగుతాడేమో గాని పగలు ససేమిరా. ఆదివారాలూ ఇంతే. చర్చిలో వాడు ఏడుపు మొదలుపెడితే కేథరిన్ ఎత్తుకుని బయటికి పోయేది. తిరిగొచ్చేసరికి ఆమె భుజం మీద హాయిగా నిద్రపోతుండేవాడు. కన్నతల్లి దగ్గర ఏడ్చి దాని దగ్గర నిద్రపోతాడా అని, ప్రార్థన జరిగినంతసేపూ వందన పళ్లు కొరుక్కుంటూ కూర్చునేది.

పిల్లల్ని ఎత్తుకుని అత్తాకోడళ్లు ముగ్గురూ అంగన్‌వాడీకి వెళ్లారు. లక్ష్మీకుమారి మొదట కేథరిన్ కూతుర్ని తూచి, బాగానే పెరిగింది అంది. తర్వాత నతానియేలును తూచి, ముఖం చిట్లించి, మళ్లీ తూచింది. పోయిన నెల కంటే తగ్గాడని, వెంటనే మార్కాపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించమని చెప్పింది.

అత్త తనకేదో ధైర్యం చెబుతుందని వందన చూసింది. రాహేలు ఆమె వైపు చూడనే లేదు. గబుక్కున కేథరిన్ మీదికి తిరిగింది.

"నేను పెట్టేదంతా తింటన్నావా లేదా?"

"ఉన్నదంతా తింటానే ఉన్నా అత్తా. ఒక్క గుడ్డే ఉంటాంది" అంది కేథరిన్ తల దించుకుని.

ఇన్నాళ్లూ అణచుకున్న కడుపుమంట వందన నోట్లోంచి బయటికొచ్చింది. "తగ్గినోడు నా కొడుకు. నువ్వు దాని తిండి గురించి అడుగుతావేంది? ఆ రెండో గుడ్డు రోజూ నేనే తీసినా. కుక్కకేసినా. తల్లికొకటి బిడ్డకొకటి అని దానికి పెట్టుకుంటివి. నేనూ నా కొడుకూ నీ కంటికి ఆనలేదు."

నతానియేలు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

కేథరిన్ ఇక ఆగలేకపోయింది. కూతుర్ని చాప మీద పడుకోబెట్టి, వందన చేతుల్లోంచి వాణ్ని తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని కొంగు కప్పుకుంది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. వాడు ఆబగా గుటకలు వేసే చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

"డబ్బా పాలు వానికి పడలేదు. తాగినవన్నీ కక్కుతాంటే, నువ్వు కోతకు పోయినప్పుడు కేథరినే రొమ్మిచ్చింది. తెలిస్తే అక్క మనసు కష్టపెట్టుకుంటది, చెప్పొద్దత్తా అనింది" అంది రాహేలు. "ఆ రెండో గుడ్డు నీ కొడుకుదే వందనా."