దొర వేషం

కంపెనీ కాలంనాటి ఇంగ్లీషు సోల్జర్ల జీవితాన్ని ఏలూరు మైదానంలో కళ్లకు కట్టాలని ఒక చరిత్ర సంఘం పూనుకుంది. పెదపాడు డ్రిల్లు మాస్టారు నెల్సన్ పాత పుస్తకాలు తిరగేసి, మూడు నెలలపాటు పాతికమందికి ఆనాటి కవాతు నేర్పాడు. ముందు నడిచే సార్జెంటు వేషం తనదే.

ప్రదర్శన రోజు ఎర్రకోటుకు బొత్తాలు పెట్టుకుంటుంటే సంఘం కార్యదర్శి వచ్చాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ రంగుకి దొర వేషమంటే జనం నమ్మరండీ."

"మిగతావాళ్లూ తెల్లవాళ్లు కాదు కదండీ?"

"వాళ్లది చామనఛాయండీ. పౌడరు రాస్తే సరిపోద్ది. మీరు పల్లకీ మోద్దురుగాని."

నెల్సన్ కోటు విప్పి ఇచ్చేశాడు. వెళ్లిపోదామనుకున్నాడు గానీ, తను లేకపోతే వాళ్లు అడుగు తప్పుతారని ఆగాడు. చొక్కా లేకుండా పల్లకీ మోస్తూ, లోగొంతుకతో వాళ్లకు అడుగు చెబుతూనే ఉన్నాడు. ఒక్కరూ తప్పలేదు.

సాయంత్రం ఉత్తమ నటుడి బహుమతి అతనికే వచ్చింది.

"నటించినట్టే లేదు. పుట్టుబోయీలాగే ఉన్నారు," అని ముఖ్య అతిథి మైకులో మెచ్చుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్లేసరికి కూతురు షారోన్ గుమ్మంలో ఉంది. పరీక్ష ఉంది, రాలేనని పొద్దున చెప్పిన పిల్ల.

"బహుమతి దేనికిచ్చారు నాన్నా?"

"డ్రిల్లు బాగా నేర్పినందుకమ్మా."

పరీక్ష తొందరగా ముగించుకుని మైదానానికి వెళ్లి, జనం వెనక నిలబడి ఫోనులో తీసిన వీడియోను షారోన్ తిరిగొస్తూ బస్సులోనే చెరిపేసింది.

"అందుకే ఇచ్చుంటారు నాన్నా," అంది.